పదో తరగతి వీడ్కోలు: నవ్వించి పంపుదామా, నవ్వులపాలు చేసి పంపుదామా?



ఫిబ్రవరి వచ్చిందంటే మన పల్నాడులో రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. చేలల్లో మిరప కోతలు, బడుల్లో పదో తరగతి పిల్లల వీడ్కోలు సభలు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు మొదలవుతాయి కాబట్టి ఈలోపే తొమ్మిదో తరగతి పిల్లలు తలా ఇంత వేసుకుని శామియానా వేయిస్తారు, సౌండ్ బాక్సులు తెస్తారు, గేటుకు ఫ్లెక్సీ కడతారు. ఆడపిల్లలు అక్క పట్టుచీరో, పిన్ని పట్టుచీరో అడిగి తెచ్చుకుని కడతారు. మగపిల్లలు తెల్లచొక్కాల మీద ఒకరికొకరు సంతకాలు పెట్టుకుంటారు. స్లామ్ బుక్కులు చేతులు మారుతుంటాయి. ఆ తరువాత అందరూ ఎదురుచూసే కార్యక్రమం మొదలవుతుంది. ఒక్కొక్కరిని పైకి పిలిచి, ఒక బిరుదు ఇచ్చి, నాలుగు చమత్కారపు మాటలు చెప్పి నవ్విస్తారు. మాస్టార్ల గొంతులు అనుకరిస్తారు. ముందు వరుసలో కూర్చున్న ఆ మాస్టార్లే అందరికంటే ఎక్కువ నవ్వుతుంటారు.

ఈ రోజుల్లో తల్లిదండ్రులు నన్ను ఒక మాట అడుగుతారు. "అయ్యగారూ, ఫేర్‌వెల్ పార్టీ అంటున్నారు. సినిమా పాటలంట, డాన్సులంట, ఒకళ్ల మీద ఒకళ్లు జోకులంట. విశ్వాసుల పిల్లల్ని అలాంటివాటికి పంపొచ్చా?" పిల్లలు వెనకాలే నిలబడి, పంపమని చెప్పండి అన్నట్టు కళ్లతోనే బతిమాలుతుంటారు.

నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. పంపండి. అయితే వాళ్లు అక్కడ ఎలా నవ్వుతారో, ఎవరిని చూసి నవ్వుతారో ఇంట్లో ముందే మాట్లాడి పంపండి. పార్టీకి వెళ్లాలా వద్దా అన్నదాని కంటే మనం ఆలోచించవలసిన ప్రశ్న అదే అని నేను నమ్ముతున్నాను.

మొదట, ఎందుకు పంపమంటున్నానో వినండి. సంతోషంగా సాగనంపడం లోకసంబంధమైన పని అని వాక్యంలో ఎక్కడా లేదు. ఆదికాండము 31వ అధ్యాయంలో యాకోబు చెప్పాపెట్టకుండా పారిపోతే, లాబాను వెంటబడి వచ్చి ఏమని నిష్ఠూరమాడాడు? చెప్పి ఉంటే పాటలతో, తంబురతో, సితారాతో సంతోషంగా పంపేవాణ్ణి కదా అన్నాడు. లాబాను ఎలాంటివాడో మనకు తెలుసు. జీతం పదిసార్లు మార్చిన మనిషి. అలాంటివానికి కూడా బిడ్డల్ని ముద్దుపెట్టుకోకుండా, పాట లేకుండా సాగనంపడం లోటుగానే తోచింది. ఇక అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో, మిలేతు రేవులో పౌలును సాగనంపిన ఎఫెసు సంఘపు పెద్దలు మోకాళ్లూని ప్రార్థించారు, మెడమీద పడి ఏడ్చారు, ఓడదాకా వెంట వెళ్లారు. ఇకమీదట ఆయన ముఖం చూడరన్న మాట వారిని అంతగా బాధపెట్టింది. విడిపోయేటప్పుడు పాడినా, ఏడ్చినా, నవ్వినా అది ప్రేమలోనుంచే వస్తుంది. పదిహేనేళ్ల పిల్లలకు అందరి ముందు ఏడవాలంటే సిగ్గు. అందుకే జోకులేస్తారు. వాళ్ల నవ్వులో సగం కన్నీళ్లే.

ఆ నవ్వు ఎంత అందంగా ఉంటుందో రెండు ఉదాహరణలు చెబుతాను. ఒక లెక్కల మాస్టారు ఏటా ప్రతి బ్యాచ్‌తోనూ ఒకే మాట అనేవారట, "మీకంటే పోయినేటి పిల్లలే నయం రా" అని. వీడ్కోలు నాడు ఒక పిల్లవాడు మైకు తీసుకుని, "సార్, ఐదేళ్లుగా ఆ మాట వింటూ వచ్చాం. ఈరోజు మాకు చాలా సంతోషంగా ఉంది. వచ్చే సంవత్సరం నుంచి ఆ పోయినేటి పిల్లలం మేమే" అన్నాడు. మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లో, మరేవో, ఎవరూ అడగలేదు. ఇంకో బడిలో రోజూ ఆలస్యంగా వచ్చే పిల్లవాడికి "పల్లెవెలుగు" అని బిరుదిచ్చారు. ఎందుకంటే, "వీడు ఏనాడూ టైముకు రాడు, కానీ చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆగుతాడు." ఆ పిల్లవాడు ఆ చీటీని ఇంటికి తెచ్చి గోడకు అంటించుకున్నాడు. నవ్వు దీవెన అవడం అంటే ఇదే.

ఇప్పుడు ఇంకో రకం నవ్వు గురించి చెప్పాలి.

ఏ ఊరో, ఏ బడో చెప్పను. ఒక ఆడపిల్ల. తండ్రి లేడు. జనవరి నుంచి మిరప కోతలు ఉన్నన్నాళ్లూ సెలవు రోజుల్లో తల్లితోపాటు కూలికి వెళ్లేది. ఇంట్లో మరీ ఇబ్బందైతే బడి మానేసి కూడా వెళ్లేది. మిరప కోసిన చేతులు ఎలా మండుతాయో మనకు వేరే చెప్పాలా? ఆ చేతుల్తోనే మరునాడు పెన్ను పట్టుకునేది. వీడ్కోలు సభలో ఆ పిల్లను పైకి పిలిచి, అట్టముక్కతో చేసిన కిరీటం పెట్టి, "కోతల రాణి" అని బిరుదిచ్చారు. కోతలు కోయడం అంటే గొప్పలు చెప్పుకోవడమనీ అర్థం ఉంది కదా. రెండర్థాలూ కలిసేసరికి సభంతా విరగబడి నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వింది కాబట్టి నొప్పి లేదనుకున్నారు.

గ్రూప్ ఫొటోలో ఆ పిల్ల లేదు. కొన్ని రోజుల తరువాత ఆ తల్లి నాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, పిల్ల చేలోకి రానంటే నాకు సంతోషమే. కానీ పనికెళ్లే గుడ్డలతో నన్ను బడివైపు రావద్దంటోంది."

ప్రియులారా, ఆ బిరుదు రాసిన పిల్లలు చెడ్డవాళ్లు కారు. మంచి చమత్కారం తట్టింది, రాశారు. కానీ ఆ మాట పోయి తగిలింది ఆ పిల్లను కన్నతల్లి చెమటకు. పల్లెవెలుగు అన్న మాటలో స్నేహితుడి అలవాటును చూసి నవ్వారు. కోతల రాణి అన్న మాటలో ఒక ఇంటి అవసరాన్ని చూసి నవ్వారు. ఈ రెంటికీ చాలా దూరముంది.

వాక్యంలో ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ఇస్సాకు అన్న పేరులోనే నవ్వుంది. ముసలితనంలో బిడ్డను ఎత్తుకున్న శారా, దేవుడు నాకు నవ్వు కలుగజేశాడని సాక్ష్యం చెప్పింది. వినేవాళ్లంతా తనతో కలిసి నవ్వుతారంది. అది ఆదికాండము 21వ అధ్యాయం ఆరో వచనం. మూడు వచనాల తరువాత, అదే ఇంట్లో, పాలు మాన్పించిన విందు రోజున, ఇష్మాయేలు పరిహసించాడని ఉంది. హెబ్రీ భాషలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే ధాతువు. మాట ఒకటే, ఇల్లు ఒకటే. శారా నవ్వు ఊరందర్నీ లోపలికి పిలిచింది. ఇష్మాయేలు నవ్వుతో ఆ ఇల్లు రెండు ముక్కలైంది. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు ఆ పరిహాసాన్ని హింస అని పేరుపెట్టి మరీ చెప్పాడు.

"సరదాకి అన్నాం అయ్యగారూ" అంటారు పిల్లలు. సొలొమోను ఈ మాట కూడా ముందే విన్నాడు. పొరుగువాణ్ణి మోసం చేసి నవ్వులాటకు చేశాననేవాడు, నిప్పు కొరవులూ బాణాలూ విసిరే వెర్రివానితో సమానమని సామెతలు 26వ అధ్యాయం 18, 19 వచనాల్లో రాశాడు. నవ్వుతూ విసిరినంత మాత్రాన కొరవి కాల్చకుండా ఉంటుందా?

మన పల్నాడు బిడ్డలు ఈ విషయం ఇంకాస్త జాగ్రత్తగా వినాలి. ఎందుకంటే మన దగ్గర వీడ్కోలు అంటే పూర్తిగా విడిపోవడం కాదు. మాచర్ల బస్టాండులో కలుస్తారు, పిడుగురాళ్ల సంతలో కలుస్తారు, పెళ్లిళ్లలో పక్కపక్క బంతుల్లో కూర్చుంటారు. మన ఊళ్లలో కొందరి అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. బడిలో పెట్టిన పేరు చెబితే ఇంటిదాకా తీసుకెళ్లి చూపిస్తారు. యాభై ఏళ్ల మనిషిని ఇంకా నత్తోడనీ, కర్రోడనీ పిలుస్తూనే ఉన్నారు. ఆ పేర్లు పెట్టినవాళ్లలో కొందరు చనిపోయారు కూడా. పేరు మాత్రం బతికే ఉంది. ఇప్పుడైతే ఫోన్లు వచ్చాయి. అరనిమిషం వీడియో సాయంత్రానికల్లా ఊరందరి స్టేటస్‌లో ఉంటుంది.

ఇంకో సంగతి. అందరూ ఆ సభ నుంచి ఇంటర్‌కు వెళ్లరు. కొందరు గుంటూరు, విజయవాడ హాస్టళ్లకు వెళ్తారు. కొందరు నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు కోసం ఎదురుచూస్తారు. కొందరు ఐటీఐకి వెళ్తారు. కొందరు సున్నపు బట్టీల్లోకో, నాపరాళ్ల క్వారీలోకో తండ్రి వెంట వెళ్తారు. కొందరు ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండకుండానే, చట్టం వద్దంటున్నా, సంబంధాలు చూడడం మొదలవుతుంది. అలాంటి పిల్లకు మైకులో తన పేరు వినిపించేది ఆ రోజే చివరిసారి కావచ్చు. ఆ ఒక్కసారి వినిపించే మాట ఏదై ఉండాలి? ఆడపిల్ల పేరును ఒక మగపిల్లవాడి పేరుతో ముడిపెట్టి వేసే జోకు మరీ ప్రమాదం. పిల్లలకు అది రెండు నిమిషాల ఈలలు. ఆ మాట ఇంటికి చేరితే ఆ పిల్ల చదువే ఆగిపోవచ్చు. తన తప్పేమీ లేకుండానే.

మన వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువా గారిని తలుచుకోండి. చిన్ననాడు బడిలో కులం పేరుతో హేళనలు పడ్డాడు. పేదరికం, కులమత భేదం అనే ఇద్దరు తనకు గురువులని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆ ఊరి బిడ్డే గబ్బిలం రాశాడు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. నవయుగ కవిచక్రవర్తి అన్న బిరుదు పొందాడు. బడిలో తోటివాళ్లు ఇచ్చిన పేర్లు ఎక్కడ, కాలం ఇచ్చిన బిరుదు ఎక్కడ! అయినా ఒక మాట మరువకండి. హేళన పడ్డ ప్రతి బిడ్డా జాషువా కాలేడు. తట్టుకుని లేచినవాణ్ణి చూపించి, అవమానం మేలే చేస్తుందని చెప్పుకోవడం మనకు తగదు. లేవలేనివాళ్ల పేర్లు మనకు తెలియనే తెలియవు.

"ఇన్ని లెక్కలు చూసుకుంటే ఇక నవ్వేదెట్లా?" అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు మన నేలే జవాబు చెబుతుంది. పల్నాడును ఎగతాళి చేస్తూ శ్రీనాథ మహాకవి చెప్పాడంటున్న చాటువులు మీలో చాలామందికి నోటికి వచ్చు. మన రాళ్లను, మన నీళ్లను, మన జొన్నకూడును దేన్నీ వదల్లేదు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా మనవాళ్లే ఆ పద్యాలు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. కోపం ఎందుకు రాలేదు? పల్నాటి వీరుల చరిత్రను కావ్యంగా చెప్పిన పేరు కూడా ఆయనదే. మన వీరుల్ని పాడిన నోరు మన రాళ్లను చూసి నవ్వితే మనకూ నవ్వే వస్తుంది. గౌరవించినవాడికే నవ్వే హక్కు ఉంటుంది. నీ స్నేహితుడిలో ఒక గొప్పతనం నువ్వు చూడలేదంటే, అతని మీద జోకు వేసే అధికారం ఇంకా నీకు రాలేదన్నమాట.

బిరుదులివ్వడం కూడా వాక్యానికి కొత్తేమీ కాదు. ఆదికాండము 49వ అధ్యాయంలో యాకోబు చివరి ఘడియల్లో కొడుకులందరినీ మంచం చుట్టూ పిలిచాడు. యూదాను కొదమసింహమన్నాడు. నఫ్తాలిని లేడి అన్నాడు. బెన్యామీనును తోడేలన్నాడు. ఇశ్శాఖారునైతే బరువుల మధ్య పడుకున్న గాడిద అన్నాడు! తప్పు చేసినవాళ్లను మొహం మీదే గద్దించాడు. కానీ ఆ అధ్యాయం చివర వాక్యం ఏమంటోంది? ఎవరి దీవెన చొప్పున వారిని దీవించాడంటోంది. మన ప్రభువు కూడా శిష్యులకు పేర్లు పెట్టాడు. ఊరుకుంటే మండిపడే ఇద్దరు అన్నదమ్ములను ఉరిమెడువారు అన్నాడు. నిలకడలేని సీమోనును పేతురు, అంటే రాయి అన్నాడు. రాళ్లున్న నేల అని మనల్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ప్రభువు మాత్రం తాను ప్రేమించినవానికి ఏరికోరి ఆ పేరే పెట్టాడు. సీమోను ఏమై ఉన్నాడో అందరూ చూశారు. ఏమి కాబోతున్నాడో చూసి పేరు పెట్టినవాడు ప్రభువు.

కాబట్టి ఈ ఏడు వీడ్కోలు సభలకు వెళ్లే మన బిడ్డలకు నా మాట. బిరుదు రాశాక, సభకు ముందే ఆ స్నేహితుణ్ణి పక్కకు పిలిచి చదివి వినిపించండి. వాడే పగలబడి నవ్వి, "ఇది కూడా కలపరా" అంటే ధైర్యంగా చదవండి. వాడి మొహం ఒక్క క్షణం మారినా ఆ చీటీ చించేయండి. ఒంటి రంగు, ఒడ్డూ పొడుగూ, మాట నత్తి, కులం, ఇంటి పని, ఆడామగా జతలు, వీటిని అసలు ముట్టుకోకండి. ఒక జోకు వేశాక ఒక మేలు కూడా చెప్పండి. "నా దగ్గర పెన్ను లేనప్పుడు ఇచ్చింది ఈ పిల్లే" అన్న మాట ఏ బిరుదు కంటే చిన్నది?

మన సంఘంలో ఉపాధ్యాయులు చాలామందే ఉన్నారు. అయ్యలారా, అమ్మలారా, పిల్లలు మీ గొంతును అనుకరిస్తే నొచ్చుకోకండి. ఐదేళ్లు మీ మాట ఎంత శ్రద్ధగా విన్నారో అప్పుడు తెలుస్తుంది. అనుకరించేంతగా వినని మాస్టారు ఎవరికీ గుర్తుండడు. అయితే మీరు మైకు పట్టుకున్నప్పుడు మాత్రం మార్కుల్లో వెనకబడ్డ పిల్లను ఉదాహరణగా తీసుకోకండి. తోటి పిల్లలు అన్నది మాసిపోవచ్చు. గురువు అన్నది చచ్చేదాకా చెవిలో ఉంటుంది. పిల్లలు రాసిన చీటీలు సభకు ముందు ఒకసారి చూడడం కూడా మీ చేతిలోని పనే.

తల్లిదండ్రులకు ఒక్కటే. ఆ సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే ఏం తిన్నావు, ఎవరెవరు ఏం కట్టుకొచ్చారు అని అడుగుతాం. దాంతోపాటు "నీకేం పేరు పెట్టారమ్మా?" అని కూడా అడగండి. "నువ్వెవరికి ఏం పేరు పెట్టావు?" అని కూడా. జవాబు చెప్పేటప్పుడు బిడ్డ కళ్లలోకి చూడండి.

సంఘముగా మనం చేయవలసిందీ ఉంది. పరీక్షలకు ముందు ఆదివారం హాల్‌టికెట్లు, పెన్నులు ముందు పెట్టి ప్రార్థన చేయడం మనకు ఉన్న అలవాటే. ఈసారి ప్రార్థనకు ముందు ఒక పని చేద్దాం. ఒక్కొక్క బిడ్డను పూర్తి పేరుతో పిలిచి నిలబెడదాం. సండేస్కూల్ టీచరో, పెద్దలో ఒకరు ఆ బిడ్డ గురించి నవ్వు పుట్టించే మాట ఒకటి, దీవించే మాట ఒకటి చెబుతారు. నాటకంలో గొర్రెపిల్ల వేషం వేసి నిద్రపోయినవాడూ ఉన్నాడు, కంఠత వాక్యం తప్పు చెప్పి మనందరినీ నవ్వించినదీ ఉంది. చాపల మీద కూర్చుని అందరం నవ్వుదాం. మిరప కోతకు వెళ్లే చేతులు, క్వారీలో మట్టి కొట్టుకున్న చేతులు ఆ బిడ్డల తలల మీద ఉంచుదాం. బడిలో దీవెన దొరకని బిడ్డకు ఇక్కడైనా దొరకాలి. ఇంటర్‌కు వెళ్లే బిడ్డకు ఎంత చప్పట్లు కొడతామో, చదువు ఆగిపోయేలా ఉన్న బిడ్డకూ అంతే కొట్టాలి. ఆ తరువాత ఆ బిడ్డ చదువు ఆగకుండా ఏం చేయగలమో పెద్దలు కూర్చుని మాట్లాడాలి. దీవించి చేతులు దులుపుకోవడం యాకోబు పత్రికలో గద్దించిన పనే కదా.

బిడ్డలారా, లోకం మీకు చాలా పేర్లు పెడుతుంది. కొన్ని చప్పట్లతో పెడుతుంది, కొన్ని ఈలలతో పెడుతుంది. వాటన్నిటి తరువాత కూడా ఒక పేరు మిగిలి ఉందని ప్రకటన గ్రంథం 2వ అధ్యాయం 17వ వచనం చెబుతోంది. జయించినవానికి ప్రభువు తెల్లరాయి ఒకటి ఇస్తాడు. దాని మీద కొత్త పేరు చెక్కి ఉంటుంది. ఇచ్చినవాడికీ పొందినవాడికీ తప్ప ఆ పేరు ఇంకెవరికీ తెలియదు. తెల్లరాయి విలువ పల్నాటివాళ్లకు వేరే చెప్పాలా?

పదో తరగతి పరీక్షలు రాయబోయే ప్రతి బిడ్డనూ, వారిని తీర్చిదిద్దిన ప్రతి గురువునూ, వారి కోసం చేలల్లో వంగి పనిచేస్తున్న ప్రతి తల్లినీ తండ్రినీ ప్రభువు దీవించును గాక. మన నోట నవ్వు ఉంచినవాడు ఆ నవ్వును శుద్ధి చేయును గాక. ఆమేన్.